తాళం తీసినా ఆగని ఎర్రకారు

తిరుత్తణి కొండ కింద, నిండు శుక్రవారం, నలభై యాభై మంది భక్తుల ముందు నా పరువు పొగలో కలిసిపోయింది. పరువు పోవడమంటే మాటవరసకు అంటున్నానని మీరనుకోవచ్చు. కాదు. నల్లటి పొగ. దానికి వాసన కూడా ఉంది. ఆ వాసనే నన్ను పట్టించింది. అది తర్వాత చెబుతాను, ముందు నా తెలివి సంగతి వినండి.

మాది పొదటూరుపేట పక్కన ఊరు. చెరకు, వేరుశనగ. 1958 నాటికి మా బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. దాన్ని నడిపే పద్ధతి ఊళ్లో నాకొక్కడికే బాగా తెలుసు. ముందు కాస్త పెట్రోలు పోసి స్టార్టు చెయ్యాలి. ఇంజను వేడెక్కగానే కిరసనాయిలుకు మార్చాలి. పెట్రోలు లేపడానికి, కిరసనాయిలు ఓడించడానికి, అంటే మా వైపు మాటలో నడపడానికి. ఇంత చిన్న విషయం తెలిసినందుకే ఊరంతా నన్ను 'ఇంజను రత్నం' అని పిలిచేది. నేనూ అలాగే నడిచేవాణ్ణి, చొక్కా గుండీ ఒకటి తీసేసి.

మా మేనమామకు తిరువళ్లూరులో రైసుమిల్లు. ఊరెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ఆయన ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇద్దరే పడతారు, పైకప్పు గుడ్డది, ముందుభాగం మాత్రం పొడుగ్గా కోడిపుంజు మెడలా ఉంటుంది. కారుతో పాటు దొర ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం రాసిచ్చాడు. దాన్ని చదవగలిగింది ఇంట్లో ఒక్కరే, మామ కూతురు సరోజ. నేను చేసుకోవాలని ఆశపడుతున్న మరదలు.

మామ మనసులో మాత్రం ఇద్దరున్నారు. ఒకడు నేను. రెండోవాడు ఆవడి మిలిటరీ డిపోలో మెకానిక్కు. ఆ బుధవారం మామ తేల్చి చెప్పాడు.

"రేయ్ రత్నం, శుక్రవారం తిరుత్తణికి పోయి బండికి పూజ చేపిద్దాం. నువ్వే ఓడించాల. పొయ్యేది, వచ్చేది సరిగ్గా జరిగితే వచ్చే నెల ముహూర్తం. జరగలేదో, ఆవడికి జాబు రాసేస్తా."

"ఇంజనంటే నాకు చెప్పల్నా మామా?" అన్నాను, అరటిపండు ఒలిచినంత సులువుగా.

సరోజ కాగితం చూస్తూ అంది: "బావా, దీంట్లో ఆక్టేను ఎక్కువుండే పెట్రోలే పొయ్యాలని రాసుండాది. తిరువళ్లూరు బంకులో దొరకదు, మద్రాసుకు పోవాల."

"ఆక్టేను అంటే?"

"ఈ ఇంజను లోపల పెట్రోలును శానా గట్టిగా అదుముతాదంట. ఆక్టేను తక్కువైతే అంత అదుముడికి ఓర్చుకోలేక సమయానికి ముందే పేలతాదంట. అప్పుడు ఇంజను టకటక కొట్టుకుంటాదంట."

"దొరలకు ఏం పని సరోజా? తిని కూర్చోని రాస్తారు. పెట్రోలు పెట్రోలే."

చూశారా, ఆ పిల్ల మొత్తం విషయం మూడు ముక్కల్లో చెప్పేసింది. అన్నీ తెలిసినవాడూ లేడు, ఏమీ తెలియనివాడూ లేడంటారు. ఆ రెండో మాట తప్పని నేనొక్కణ్ణే రుజువు చేయబోతున్నాను.

గురువారం మామ నన్ను టిన్ను ఇచ్చి మద్రాసు రైలెక్కమన్నాడు. నేను ఎక్కలేదు. మామ మిల్లుకు పోగానే ఎర్రకారులో సరోజ చదివిన బడి ముందు ఆరుసార్లు, బజారు వీధిలో తొమ్మిదిసార్లు తిరిగాను. సాయంత్రానికి ట్యాంకు అడుగున కాసింత పెట్రోలు మిగిలింది. నాకేం దిగులు? లేపడానికి అది చాలు. ఓడించడానికి వంటింట్లో ఉందిగా!

శుక్రవారం పొద్దున అత్త వాకిట్లో ముగ్గు వేస్తుండగా కారు స్టార్టు చేశాను. వేడెక్కనిచ్చాను. ఆ తర్వాత స్టవ్వు పక్కనున్న కిరసనాయిలు టిన్ను మొత్తం ట్యాంకులోకి దింపేశాను. మా బావి దగ్గర ఎలా చేస్తానో అలాగే, ఒక్క చుక్క కింద పడకుండా. ఆ నేర్పు చూసి నాకే ముచ్చటేసింది!

కాసేపటికి లోపల నుంచి అత్త కేకలు. "నిన్న నింపిన టిన్ను ఖాళీ! ఆ కిరసనాయిలోడు ఓటి టిన్ను అంటగట్టినాడు, వాని చేతులు పడిపోనూ!"

నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మామ కాఫీ లేకుండానే కారెక్కాడు. అత్తా సరోజా రైల్లో బయల్దేరారు.

ఊరు దాటేదాకా పరవాలేదు. తర్వాత మొదలైంది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు టకటకటక. యాక్సిలరేటరు తొక్కితే టకటక పెరుగుతుంది, వేగం మాత్రం పెరగదు. ఎదురుగాలికి సైకిలు తొక్కుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని దాటి వెళ్తూ జాలిగా చూశాడు.

"ఏమిరా ఆ శబ్దం?" అన్నాడు మామ.

"స్పోర్ట్స్ కారు శబ్దమే అంత మామా."

"మొన్న లేదే?"

"మొన్న మెల్లగా పోయినాం మామా."

"ఈ పొద్దు దానికంటే మెల్లగా పోతాండాం కదరా!"

దీనికి జవాబు మీ దగ్గరుంటే ఇప్పుడైనా చెప్పండి.

అప్పట్లో తిరువళ్లూరు మద్రాసు రాష్ట్రంలో, తిరుత్తణి ఆంధ్రలో ఉండేవి. మధ్యలో చెక్‌పోస్టు. మా పొగ చూసి పోలీసాయన నడిరోడ్డు మీదికే వచ్చాడు.

"ఇంజన నిరుత్తు!" ఇంజను ఆపమని అరవంలో గద్దించాడు.

నేను తాళం తిప్పి బయటికి తీసేశాను. ఇంజను ఆగలేదు. దక్... దక్... దగదగ... దక్. కారు మొత్తం చలిజ్వరం వచ్చినట్టు ఊగుతూనే ఉంది.

"నిరుత్తుడా!"

"ఆపినాను సార్! ఇదిగో సావి!" తాళంచెవి గాల్లో ఎత్తి చూపించాను.

"సావి చేతిలో ఉంటే బండి ఎట్లా ఓడతాది? నన్నే వేళాకోళం చేస్తావా?" ఆయనకు తెలుగొచ్చని అప్పుడు తెలిసింది. కోపం రెండు భాషల్లోనూ సమానంగా వచ్చని కూడా తెలిసింది.

దొర కాగితంలో ఇదీ ఉందట. ఓర్వలేని ఇంధనం పోసి ఇంజను మరీ కాగిపోతే, తాళం తీసినా లోపలి వేడికే అది అంటుకుంటూ ఉంటుందట. నాకెలా తెలుస్తుంది? నేను చదివిందల్లా మా బావి ఇంజను ముఖం. అది మూడు నిమిషాలు ఊగి ఊగి తనంతట తానే ఆగింది. పోలీసాయన సీట్లు ఎత్తించి, టూలు పెట్టె విప్పించి, ఏమీ దొరక్క మరింత మండిపడి పొమ్మన్నాడు. మామ దారంతా ఆవడి పేరే గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఆయన గొణుగుడు కంటే ఆ టకటకే నయమనిపించింది.

ఇరవై అయిదు మైళ్లకు మూడు గంటలు పట్టింది. కొండ కింద అత్తా సరోజా మాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. పూజారి గురుక్కళ్ళు హారతి పళ్లెంతో సిద్ధం. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు.

"ఇంజను ఆపండి, పూజ మొదలుపెడతా," అన్నారు గురుక్కళ్ళు.

తాళం తీశాను. దక్... దక్... దగదగ...

"ఆపండప్పా!"

"ఆపినాను సామీ!"

పసుపు బొట్టు పెట్టబోతే ముందుభాగం ఊగిపోయి బొట్టు ఆయన మోచేతికి అంటింది. వెనకనుంచి ఎవరో "బండికి పూనకం వచ్చినట్టుండాది!" అన్నారు. ఇంకొకావిడ చెంపలు వేసుకుని కారుకే దండం పెట్టింది. అప్పుడే పొగ అత్త ముక్కుకు తగిలింది. ఆమె ఆగింది. మళ్లీ పీల్చింది. కారు చుట్టూ తిరిగి పొగగొట్టం దగ్గర వంగి ఇంకోసారి పీల్చింది.

"ఇది మా వంటింటి వాసన!" అని అరిచింది. "రేయ్ రత్నం! నా కిరసనాయిలు యాడ పోసినావురా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కినవాడి అత్తకు అంత ముక్కు ఉంటుందని వాళ్లు చెప్పలేదు.

మామ నా వైపు చూశాడు. "మద్రాసు పోలేదా?"

"లేపేదానికే పెట్రోలు మామా... ఓడించేదానికి..."

ఈలోగా సరోజ చీర కుచ్చెళ్లు సర్దుకుని నన్ను పక్కకు జరగమని డ్రైవరు సీట్లో కూర్చుంది. ఒక కాలితో బ్రేకు గట్టిగా తొక్కింది. రెండో కాలితో క్లచ్చు తొక్కి, గేరు వేసి, క్లచ్చు వదిలేసింది. కారు ఒక్క ఎగురు ఎగిరి ఠక్కున చచ్చినట్టు ఆగింది. నిమ్మకాయలు కూడా పగిలిపోయాయి.

"నాలుగో పేజీలో ఉండాది," అంది దిగుతూ.

నాకు అప్పుడు కారు గుర్తులేదు, పరువు గుర్తులేదు. ఈ పిల్ల ఆవడికి పోతుందన్న ఒక్క బాధే మిగిలింది. మామ అననే అన్నాడు: "ఇంటికి పోతానే ఆవడికి జాబు రాసేస్తా."

"వద్దు నాయనా," అంది సరోజ.

"ఏమ్మా? ఆ పిల్లోనికి ఇంజను గురించి అంతా తెలుసు."

"అందుకే వద్దు. అంతా తెలిసినోడు నా మాట యాడ వింటాడు? మా బావకు ఏమీ తెల్దని ఈ పొద్దు రెండు రాష్ట్రాలకు తెలిసిపోయింది. ఇంక చచ్చినట్టు వింటాడు."

మామ నా చేతిలోని సావి లాక్కుని జేబులో వేసుకుని, బిడ్డనిస్తాను గాని బండి సావి మాత్రం ఇయ్యనన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆ రోజే ఎండలో కొండకేసి తిరిగి చేతులు జోడించి ఒట్టు పెట్టుకున్నాను: సుబ్రహ్మణ్యస్వామీ, ఈ జన్మలో ఏ ఇంజనులోనూ, ఏ పాత్రలోనూ, సరోజను అడగకుండా చుక్క పొయ్యను. నిన్న సాయంత్రం దీపంలో నూనె పొయ్యమంది. ఏ నూనె అని అడిగాను. చెప్పింది. ఎంత అని అడిగాను. చెప్పింది. ఇప్పుడేనా అని అడిగేసరికి తనే లేచి వచ్చి పోసుకుంది.