సుందరమ్మ ఎక్కించిన టైర్లు

రేపల్లె స్టేషన్ రోడ్డులో తిరిగే సైకిళ్ళలో చాలా వాటికి టైర్లు ఎక్కించింది సుందరమ్మ. వాటిని తొక్కేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. చెప్పినా నమ్మలేదు. ఆమె పోయాక చర్చిలో చదివిన జీవిత చరిత్రలో ప్రార్థనాపరురాలు, మంచి ఇల్లాలు అని తప్ప మరో ముక్క లేదు. అది ఏ ఆడమనిషి పేరు పెట్టి చదివినా సరిపోయే కాగితం. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో చాలా సంగతులు ఆమె కూతురు దీవెన చెప్పినవి.

సుందరమ్మది బాపట్ల దగ్గర పిట్టలవానిపాలెం. పెళ్ళికి ముందు వరి నాట్లకి వెళ్ళేది. నడుం వంచి, నారు వేళ్ళని బొటనవేలితో బురదలోకి నొక్కుకుంటూ వెనక్కి నడవడం, పొద్దు వాలేదాకా అదే పని. పెళ్ళయి రేపల్లె వచ్చాక ఆ చేతులకి వంటా ఉతుకుడూ మిగిలాయి. భర్త దేవదానానిది సైకిల్ షాపు. ముందు రేకుల పంచ, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో తలుపు బదులు ఒక పాత చీర.

దేవదానానికి ఊళ్ళో పెద్ద పేరుండేది. కొత్త టైరు అంచులో ఇనప తీగ ఉంటుంది. అది సాగదు. టైరంతా రిమ్ములోకి దిగినా చివరి జానెడు మాత్రం రానని మొరాయిస్తుంది. మిగతా షాపుల్లో అక్కడ లివరు, అంటే చదునైన ఇనప పట్టీ, దూర్చి ఎత్తుతారు. లివరు కింద ట్యూబు నలిగి చిల్లుపడితే ఆ సంగతి రోడ్డెక్కాక గానీ తెలియదు. దేవదానం లివరు ముట్టేవాడు కాదు. టైరు అంచుని రిమ్ము మధ్య గుంటలోకి చుట్టూ నొక్కుకుంటూ వచ్చి, దొరికిన వదులంతా చివరికి చేర్చి, రెండు బొటనవేళ్ళతో ఒక్క తోపు తోసేవాడు. టప్పుమని కూర్చునేది. నిజాంపట్నం నుంచి చేపల పెట్టెలు మోసుకొచ్చే సైకిళ్ళ మందపాటి టైర్లు కూడా అంతే. అది చూడ్డానికి టీ గ్లాసులు పట్టుకుని జనం నిలబడేవారు. 'ఇచ్చట లివరు వాడబడదు' అని బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు.

చికున్ గున్యా ఊరంతా తిరిగిన ఏడు అతనికీ వచ్చింది. జ్వరం పోయింది, కీళ్ళనొప్పులు పోలేదు. బొటనవేళ్ళ మొదళ్ళు వాచి బిగుసుకుపోయాయి. మంచినీళ్ళ గ్లాసు జారిపోయేది. చొక్కా బొత్తాలు సుందరమ్మ పెట్టేది. అయినా షాపు తెరిచాడు. వచ్చిన మొదటి బేరమే కొత్త టైరు. తెచ్చినవాడు వెంకటకృష్ణయ్య అని, రోజూ పొద్దున్నే సైకిల్ మీద పాలు పోసే ఆసామి.

"ఉండండి, లోపల సబ్బునీళ్ళున్నాయి, రాసి తెస్తా" అని దేవదానం చక్రం తీసుకుని చీర వెనక్కి వెళ్ళాడు. నేల మీద కూర్చుని తోశాడు. ఎంత తోసినా టైరు కూర్చోలేదు. చక్రం నేల మీద పెట్టేశాడు.

"ఇటియ్యి" అంది సుందరమ్మ.

"నీ వల్ల కాదే. పక్కకి పో."

"నీ వల్ల అవతందా?"

చక్రం ఒళ్ళోకి లాక్కుంది. అతను చెవిలో చెబుతుంటే చుట్టూ నొక్కుకుంటూ వచ్చింది. చివరి జానెడు దగ్గర ఊపిరి బిగబట్టి, నారు దించినట్టు రెండు బొటనవేళ్ళూ దించింది. టప్పుమంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చక్రం బయటికి రాగానే వెంకటకృష్ణయ్య, "అప్పుడేనా! నీ వేళ్ళకి బంగారు తొడుగులు చేయించాలయ్యా దేవదానం" అన్నాడు.

"చేయించండి, నేనేమన్నా వద్దన్నానా?"

లోపల సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజుకి అది ఇద్దరికీ తమాషా.

ఆ తమాషా ఏళ్ళ తరబడి సాగింది. పంక్చర్లు వేయడం, గాలి కొట్టడం బయట అతను చేసేవాడు; పాత టైరు వదులుగా ఉంటుంది గనక దానికి బొటనవేళ్ళ బలం అక్కర్లేదు. కొత్త టైరు ఎక్కించాల్సి వస్తే చక్రం లోపలికి వెళ్ళేది. ఎందుకయ్యా లోపలికి అని ఎవరైనా అడిగితే, "మీరంతా చూసి నేర్చుకుంటే నేనేం తినాలి?" అనేవాడు. దాంతో పేరు ఇంకా పెరిగింది. ఏదో మంత్రం వేస్తాడని కూడా అనుకున్నారు. జనం మంత్రాన్నైనా నమ్ముతారు.

సుందరమ్మ గోళ్ళలో నలుపు చేరింది. చర్చిలో ఆడవాళ్ళ వైపు కూర్చున్నప్పుడు బొటనవేళ్ళు గుప్పిట్లోకి మడిచేది. ఒక ఆదివారం పక్కావిడ చూడనే చూసింది.

"ఏంటి సుందరమ్మా, ఆ మసేంటి? ఇంకా కట్టెల పొయ్యేనా?"

"అవునక్కా. గ్యాసు అయిపోయింది."

మగవాళ్ళ వైపు నుంచి దేవదానం ఆ మాట విన్నాడు. ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అతను చేసిన పని, ఆ రోజూ, తర్వాత రోజులూ.

దీవెన అప్పుడు బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకి వచ్చినప్పుడు తండ్రితో తగువు పెట్టుకునేది.

"నాన్నా, అమ్మని బయట కూర్చుని చెయ్యనియ్యి. దొంగతనమా ఇది?"

"ఆడమనిషి రోడ్డు మీద చక్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే బాగుంటదా? మొగుడు చేతకానోడు అనరూ?"

"చేతకాకపోతే అంటారు. అంటే ఏమయిద్ది?"

"పోనీలేవే" అని తల్లే సర్దేది. "నాకు లోపలే బాగుంది."

అది అబద్ధం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. లోపలి గదికి కిటికీ లేదు. చేపల సైకిల్ చక్రం ఒళ్ళో పెట్టుకుని, చెమట కళ్ళలోకి కారుతుంటే సుందరమ్మ మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, ఉడికిపోతన్నా. పంచలో గాలొస్తంది. ఇయ్యాలొక్కసారి అక్కడ కూర్చుని ఎక్కియ్యనా?"

దేవదానం చీర పక్కకి తీసి రోడ్డు చూశాడు. పంచలో ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు.

"రేపు చూద్దాంలే" అన్నాడు.

ఆమె మళ్ళీ అడగలేదు. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పోయిన చలికాలం ఆమెకి ఆయాసం మొదలైంది. టైరు ఎక్కించాక గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చునేది. గ్యాసు నొప్పి అనుకున్నారు. తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి గుండె బాగా పాడైందన్నారు. రెండో రోజు పొద్దున పోయింది. పెట్టెలో పడుకోబెట్టే ముందు దీవెన కొబ్బరినూనె రాసి తల్లి గోళ్ళు తుడవబోయింది. దేవదానం కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ అమ్మా" అన్నాడు. "అట్టానే ఉండనీ."

అప్పుడే అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆమె బతికుండగా చెప్పని మాట అందరి ముందూ చెప్పాలి. ఇంక అతనికి కావలసింది అదొక్కటే.

పోయినవాళ్ళని తలుచుకునే ఆదరణ కూడికకి చర్చి నిండింది. షాపుకి బేరానికొచ్చే వాళ్ళంతా వచ్చారు. వెంకటకృష్ణయ్య కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. పాస్టరుగారు జీవిత చరిత్ర చదివాక, సాక్ష్యం చెప్పేవాళ్ళు చెప్పవచ్చన్నారు. దేవదానం లేచాడు. మైకు పట్టుకోవడం అతని చేతుల వల్ల కాకపోతే దీవెన పట్టుకుంది.

"అయ్యగారూ, అమ్మలారా, అయ్యలారా. జ్వరం వచ్చిన కాడి నుంచి నా చేతులు పనికి రాలేదండి. ఇన్నేళ్ళూ మీ టైర్లు ఎక్కించింది నేను కాదు. సుందరమ్మ. లోపల కూర్చుని ఆమె ఎక్కించింది. పేరు నేను తిన్నా."

ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపు వినిపించింది. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎంత గొప్ప మాట!" అన్నారు. "భార్యాభర్తలు ఏక శరీరమని వాక్యం చెబుతోంది. తన కష్టమంతా భార్యదే అంటున్నాడు మన సహోదరుడు. ఇటువంటి ప్రేమ ఈ రోజుల్లో ఎంతమందికి ఉంది?"

"అది కాదండీ అయ్యగారూ" అన్నాడు దేవదానం. ఈలోపు పాట మొదలుపెట్టేశారు.

భోజనాల దగ్గర దీవెన వెంకటకృష్ణయ్య విస్తరి ముందు నిలబడింది.

"బాబాయిగారూ, నాన్న ఊరికే అన్న మాట కాదది. నిజంగా అమ్మే ఎక్కించేది."

"పిచ్చిదానా, బాపట్లలో చదువుకుంటా ఉన్నదానివి, నీకేం తెలుసు? నా కళ్ళతో నేను చూశాను కదా మీ నాన్న ఎక్కియ్యడం!"

"ఎప్పుడు చూశారు? జ్వరం రాకముందు కదా?"

"ఎప్పుడేంటమ్మా, ఎప్పుడూ చూస్తానే ఉన్నా. నా పాల సైకిల్‌కి మొన్న కూడా ఎక్కించాడు." పక్కనున్నవాళ్ళు అవునవునని తలలూపారు. వాళ్ళూ చూశారట. ఒకాయన దేవదానం వేళ్ళు ఎలా వంచుతాడో చేసి కూడా చూపించాడు.

దేవదానం షాపు తెరవలేదు. వారం తిరిగాక వెంకటకృష్ణయ్యే పాల సైకిల్ రెండో చక్రం భుజానికి తగిలించుకుని, కొత్త టైరు చేత్తో పట్టుకుని వచ్చి రేకు తలుపు కొట్టాడు.

"ఎన్నాళ్ళిట్టా కూర్చుంటావయ్యా? చెయ్యి పనిలో పెడితే మనసు కుదుటపడిద్ది. పట్టు."

దేవదానం వద్దనలేదు. చక్రం తీసుకుని లోపలికి వెళ్ళకుండా పంచలోనే, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనిపించేలా కూర్చున్నాడు. ట్యూబు పెట్టాడు. టైరు అంచు చుట్టూ నొక్కుకుంటూ వచ్చాడు. జనం పోగయ్యారు. చివరి జానెడు మిగిలింది. తోశాడు. పళ్ళు బిగబట్టి మళ్ళీ తోశాడు. బొటనవేళ్ళు పక్కకి ఒరిగిపోయాయి. టైరు కదల్లేదు. అతను రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"చూడండి కృష్ణయ్యగారూ. అందరూ చూడండి. ఇయ్యీ నా చేతులు. ఇప్పుడన్నా నమ్ముతారా?"

వెంకటకృష్ణయ్య ఆ చేతుల్ని చూశాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. వంగి అతని భుజం పట్టుకున్నాడు.

"ఆమెతో పాటే నీ చేతుల్లో సత్తువ కూడా పోయిందయ్యా" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు.

సగం ఎక్కిన టైరుతోనే ఆ చక్రాన్ని రైలు గేటు దగ్గర మరో షాపుకి పట్టుకెళ్ళారు. అక్కడ లివరు పెట్టి ఎక్కించారు. మర్నాడు పొద్దున సైకిల్‌కి బిగించి పాలకి బయల్దేరితే సగం దారిలోనే గాలి దిగిపోయింది. వెంకటకృష్ణయ్య సైకిల్ నడిపించుకుని పోతూ దారిలో కనిపించిన ప్రతివాడితోనూ అన్నాడట, దేవదానం చెయ్యి లాంటి చెయ్యి ఇంక ఈ ఊళ్ళో పుట్టదని.