పెద్ద రైతు తుపాకి

అరవైల్లో మా ఇందుకూరుపేట వైపు ఒక పెద్ద రైతు అడవిపందుల వంక పెట్టి తుపాకి లైసెన్సు అడిగాడు. ఆయన నడవడిక విచారించడానికి వచ్చిన హెడ్డు కానిస్టేబులు తిన్నగా ఆయన అరుగు మీదే కూర్చుని, ఆయనిచ్చిన కాఫీ తాగుతూ ఇరుగుపొరుగువాళ్లను పిలిపించాడు. ఆ సిగ్గులేనితనం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఆయన విరిగిన చేతికి పుత్తూరు కట్టుతో వెళ్లాడు. కాలవ నీళ్ల తగాదాలో ఆ చెయ్యి విరగ్గొట్టింది ఆ రైతే.

“చేతికేమైందయ్యా?” అన్నాడు హెడ్డు.

“తాటిచెట్టు మీంచి పడినాను సార్” అన్నాడు మా ఆయన, తల వంచుకుని.

వెనకే వెళ్లిన నేను ఆగలేకపోయాను. “ఆ చెట్టు మీ పక్కనే కూచోనుంది, చూడండి సార్!” అన్నాను.

హెడ్డు నా వంక చూడనైనా లేదు. “నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు” అని పైకి చదువుకుంటూ రాసుకుని, రెండో గ్లాసు అందుకున్నాడు.

తుపాకి వచ్చింది. దానితో ఆ రైతు ఒక్క పందినీ కాల్చలేదు. సాయంత్రాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని కాలవగట్టు మీద కూర్చునేవాడు. మా మడి ఎండిపోయింది. నీళ్లడగడానికి మా ఆయన పోలేదు. అంత నోరున్న నేనూ పోలేదు.