కంచె లోపలి గోడ

మా ఆయన కాపలా కాసేది ఒక గుట్టకి. కువైట్ ఉత్తరాన ఎడారిలో, రాయడం చదవడం పుట్టకముందే ఎవరో ఆ గుట్ట చుట్టూ రాళ్ళు పేర్చి కోట కట్టుకున్నారట. ఇప్పుడు మోకాలెత్తు గోడ మిగిలింది. ప్రభుత్వం కంచె వేసి, రాయి కదిపితే శిక్ష అని బోర్డు పెట్టింది. నేను కువైట్ దక్షిణాన ఫింటాస్‌లో ఒకరింట్లో పని చేసేదాన్ని. ఇంటావిడను అక్కడి పనివాళ్ళంతా 'మామా' అని పిలుస్తారు. సెలవు దొరికిన శుక్రవారం కలిసేవాళ్ళం.

కలిస్తే ఆ గోడ కబుర్లే. ఏ మూల మట్టి జారిందో, ఎక్కడ కుండపెంకు బయటపడిందో. నా చేతి మీద నూనె చింది లేచిన బొబ్బ మాత్రం ఆయనకు కనిపించేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆడమనిషైతే జుట్టు పట్టుకునేదాన్ని. రాళ్ళతో ఏమని పోట్లాడను?

ఒకసారి నన్నూ అక్కడికి తీసుకెళ్ళాడు. ఇసుకలో నడిచి కాళ్ళు లాగుతుంటే గోడ మీద కూర్చున్నాను.

"మే, ఆడ కూసోవాకు! లెయ్ ముందు!"

చూడ్డానికొచ్చిన కుటుంబమొకటి మా వైపు తిరిగింది. ఆయన పరుగున వచ్చి, నేను లేచిన చోట రాయిని అరచేత్తో తడిమాడు. నా మొహం చూడలేదు.

"నన్నెప్పుడన్నా అట్ల చూసుకున్న్యావా?" అన్నాను.

"ఏం మాటలు మే అవి? ఇది పోతే మళ్ళా రాదు. నన్ను నమ్మి అప్పజెప్పినారు."

"మా నాయన గూడా నిన్ను నమ్మే నన్ను అప్పజెప్పినాడు. జొరంలో గూడా మామా పని చేపిస్తాందంటే ఓపిక పట్టమంటివి. దీని మీద కూసుంటే మాత్రం కేకలు!"

ఆయన వంగి, రాయికంటిన ఇసుక దులిపాడు.

చలికాలంలో నాకు మళ్ళీ జ్వరం వచ్చింది. ఫోన్లో చెప్పాను. సాయంత్రానికల్లా యూనిఫాంతోనే నేను పనిచేసే ఇంటి గేటు ముందు నిలబడ్డాడు. వచ్చీరాని అరబ్బీలో ఇంటావిడ మామాతో, "ఈమెకు బాగలేదు, ఈరోజు పని ఖలాస్" అన్నాడు. ఆవిడ తెల్లబోయి సరేనంది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన తలెత్తి మబ్బుల్ని చూశాడు.

"వాన వచ్చాదేమో. తూర్పు మూల గోడ..."

"పో," అన్నాను. వెళ్ళాడు.

వాన కురుస్తున్నంతసేపూ దుప్పట్లో పడుకుని, ఆ గోడ కూలిపోతే బాగుండునని కోరుకున్నాను.

తెల్లారి ఫోన్ చేశాడు. "గోడకేం కాలేదు మే. నీకు జొరం ఎట్లుంది?"

"తగ్గింది," అన్నాను. ఏది ముందు చెప్పాడో, ఏది తర్వాత అడిగాడో మాత్రం మరిచిపోలేదు.