అన్నయ్యగారి మిషను కదల్లేదు

కంప్యూటరు తెర మీద అంకెలు గబగబా మారుతున్నాయి. ఎడమకి యాభై, ముందుకి వంద, పైకి పది అని దానిపాటికది చెప్పుకుపోతోంది. బల్ల మీదున్న మిషను మాత్రం ఉలకదు, పలకదు. మూడు మోటార్లుంటే మూడూ కదలవు. శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆన్ చేస్తే భోజనాల వేళ దాకా ఇదే వరస.

మిషనంటే ఫ్యాక్టరీల్లో ఉండే పెద్దది కాదు. సరదా పడేవాళ్లు ఇంట్లో పెట్టుకునే చిన్నరకం సీఎన్సీ. రెండడుగుల చదరం బల్ల, దాని మీద అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ జరిపే మూడు మోటార్లు, మధ్యలో గిర్రున తిరుగుతూ చెక్కని తొలిచే బిట్టు. కంప్యూటర్లో బొమ్మ పెడితే ఆ బొమ్మని చెక్క మీద చెక్కుతుంది. ముక్కలుగా పార్సిల్లో వస్తే అయిదు రోజులు కూచుని బిగించేం. మేం అంటే నేనూ, మా ఊరి వడ్రంగి అన్నయ్యగారూ, ఆయన పని చేసుకునే షెడ్డులో.

మాది రాజోలు పక్కన. నేను హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. అన్నయ్యగారు నాకంటే నాలుగేళ్లు పెద్ద. చుట్టరికమేమీ లేదు, మేం చర్చికెళ్తాం, వాళ్లు గుడికెళ్తారు. అయినా నేను అన్నయ్యగారూ అనీ, ఆయన మేస్టారండీ అనీ పిలుచుకోవడం నలభై ఏళ్ల అలవాటు. మా వీధి తలుపు మీద ద్రాక్షగుత్తులు ఆయన చెక్కినవే. ఆయన జన్మలో ద్రాక్షతోట చూడలేదు. మా ఆవిడ క్యాలెండర్లో బొమ్మ చూపిస్తే అందులోంచి చెక్కేరు. ఇంటికొచ్చినవాళ్లు ఆ గుత్తుల్ని తడమకుండా లోపలికి రారు.

ఏడాదిన్నర కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, కుడి చెయ్యి రాలేదు. మోచెయ్యి కాస్త లేస్తుంది గానీ వేళ్లలో పట్టు లేదు. ఏదైనా తాకినా తెలియడం అంతంత మాత్రం. అమలాపురంలో చూపిస్తే, రోజూ వ్యాయామం చేస్తే కొంత రావచ్చు, ఇంత అని చెప్పలేం అన్నారు. కొన్నాళ్లు చేసేరు. తరవాత మానేసేరు.

"వచ్చేదైతే ఈపాటికి వచ్చుండేదండి" అన్నారు నాతో. ఎడం చేత్తో ఉలి పట్టుకోవచ్చు, మరి సుత్తి ఎవరు కొడతారు?

మిషను ఆలోచన నాదే. ఆయన దగ్గర పెద్ద కాగితాల కట్ట ఉంది. లతలు, హంసలు, పద్మాలు, ఇన్నేళ్లూ ఆయన గీసుకున్న బొమ్మలన్నీ అందులో ఉన్నాయి. వాటిని నేను కంప్యూటర్లోకి ఎక్కిస్తే మిషను చెక్కుతుంది. చెక్క ఎంచడం, బిగించడం, చివర్లు తీర్చడం ఆయన ఎడం చేత్తో చూసుకుంటారు. ఈ మాట చెబితే ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాను. "చూద్దాం లెండి" అని ఊరుకున్నారు.

కొత్తపేటలో ఒక వడ్రంగి ఉన్నాడు. అన్నయ్యగారి ఉలుల పెట్టె తనకిచ్చెయ్యమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. మేం మిషను బిగించడం పూర్తయిన రోజే అతను మళ్లీ ఫోన్ చేసేడు. అన్నయ్యగారు నా ఎదురుగానే చెప్పేరు: "సోమవారం రండి. ఈలోగా ఈ మిషను నడిస్తే లేదంటాను. నడవకపోతే పెట్టె పట్టుకెళ్లిపోండి." పక్కనే ఉన్న వదినగారు లోపలికెళ్లిపోయేరు. ఉలులు పోతే ఆ మనిషి ఇంక షెడ్డు గుమ్మం తొక్కరని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. పగలంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం అప్పటికే మొదలెట్టేరు.

అందుకే శుక్రవారం ఆ మోటార్లు కదలకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ముందు కంప్యూటర్ని అనుమానించేను. ప్రోగ్రాము తీసేసి మళ్లీ ఎక్కించేను. ఆటో ఎక్కి రాజోలు వెళ్లి, కంప్యూటరు నుంచి మిషనుకి వెళ్లే సన్న కేబులు కొత్తది తెచ్చేను. మార్చి చూసేను. అంకెలు పరిగెట్టేయి, మోటార్లు కదల్లేదు. కంట్రోలు బోర్డు మీద చిన్న పచ్చలైటు మాత్రం నిక్షేపంలా వెలుగుతోంది. కరెంటు బాగానే వస్తోంది కదా, ఇంకేం రోగం దీనికి అనుకున్నాను. నా కొంప ముంచింది ఆ లైటే.

శనివారం అమ్మినవాళ్లకి ఫోన్ చేసేను. అవతల కుర్రాడెవరో, "ఆఫ్ చేసి ఆన్ చేసేరా సార్?" అన్నాడు. చేసేనన్నాను. "ఇంకోసారి చెయ్యండి సార్" అన్నాడు. చేసేను. మోటార్ల వైర్లు ఒకదానిది ఇంకోదానికి మార్చమన్నాడు. మార్చేను. వీడియో తీసి పంపమన్నాడు. పంపేను. కదలని మిషనుని వీడియో తీస్తే ఫొటోలాగే ఉంటుంది కదా, అందులో అతనికేం కనిపించిందో గానీ, గంట పోయేక, "బోర్డు పోయుంటుంది సార్, పార్సిలు చేసి పంపండి, మూడు వారాల్లో కొత్తది వస్తుంది" అని తేల్చేసేడు. నాకు ఒళ్లు మండిపోయింది. సోమవారం ఎల్లుండి. మూడు వారాలట.

కోపం నాకు ముక్కు మీదుంటుంది. బళ్లో పిల్లలు దూరం నుంచే నా నడక చూసి మూడ్ చెప్పేసేవారు. ఆ కోపంతోనే మళ్లీ స్క్రూలన్నీ విప్పి డబ్బాలో వేస్తున్నాను. అన్నయ్యగారు బల్లకి ఆనుకుని నిలబడి చూస్తున్నారు. ఆయన కుడి చెయ్యి బల్ల అంచు మీదుంది. అది జారి డబ్బాకి తగిలింది. స్క్రూలన్నీ నేల మీదున్న రంపప్పొట్టులోకి పోయేయి.

"అన్నయ్యగారూ, మీరు దీని మీద చెయ్యి పెట్టకండి" అన్నాను. అక్కడితో ఆగేనా? "ఆ చెయ్యి పడ్డ చోటల్లా ఏదో ఒకటి పాడవుతోంది" అని కూడా అన్నాను.

"ఆయ్" అన్నారాయన, మెల్లిగా. ఎడం చేత్తో కుడి చేతిని ఎత్తి తువ్వాలు కిందకి తీసుకుని, వెళ్లి బెంచీ మీద కూచున్నారు.

అన్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది ఏమన్నానో. నోరు జారేను. మన్నించండి అనడానికి మళ్లీ ఆ నోరే రాలేదు. పొట్టులో స్క్రూలు ఏరుకుంటూ, వాటినీ వైర్లనీ ఎప్పట్లా బిగిస్తూ తల దించుకునే ఉన్నాను. ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే, "ఆయన్నా అంత మాట అన్నది? పిల్లల్ని అన్నారు, ఇన్‌స్పెక్టర్ని అన్నారు, ఆఖరికి ఆయన్ని కూడా వదల్లేదన్నమాట" అంది.

ఆదివారం చర్చిలో కూచున్నానే గానీ ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. విప్పినప్పుడు మోటారు ఇరుసుని వేళ్లతో తిప్పి చూసేను కదా, ఎంత సుళువుగా తిరిగిందో అని ఆలోచిస్తున్నాను. అప్పుడు వెలిగింది. ఇలాంటి మోటారుకి కరెంటు అందుతూ ఉంటే, ఆగి ఉన్నప్పుడు కూడా బిగుసుకునుంటుంది, చేత్తో తిప్పితే మొరాయిస్తుంది. ఇది సుళువుగా తిరిగిందంటే మోటార్లకి కరెంటే వెళ్లడం లేదన్నమాట. మరి పచ్చలైటు ఎలా వెలుగుతోంది? కంప్యూటరు నుంచి వచ్చే సన్న కేబులులో కొంచెం కరెంటు ఉంటుంది. బోర్డు దాంతో బతుకుతోంది. మోటార్ల కరెంటు అడాప్టరు నుంచి వేరే దారిలో రావాలి. ఆ దారి ఎక్కడో తెగింది.

ముప్పై ఏళ్లు సర్క్యూట్లు చెప్పినవాణ్ణి, ఈ మాత్రం తట్టడానికి మూడు రోజులూ ఒక ప్రసంగమూ పట్టింది. కరెంటు కొలవడానికి మీటరు కావాలి. అది రాజోల్లో టీవీ మెకానిక్కు దగ్గరుంది, ఆదివారం అతను కొట్టు తియ్యడు. నిజం చెప్పాలంటే, అన్నయ్యగారి మొహం చూడ్డానికి నాకూ ఒక రోజు కావాల్సొచ్చింది.

సోమవారం పొద్దున్నే మీటరు పట్టుకుని షెడ్డుకి వెళ్లేను. అన్నయ్యగారు బెంచీ మీదే ఉన్నారు. పక్కన ఉలుల పెట్టె తుడిచి పెట్టి ఉంది. నేను మీటరు తీసి అడాప్టరు దగ్గర కొలిచేను. ఇరవైనాలుగు వోల్టులు, ఉండాల్సినట్టే ఉంది. బోర్డు దగ్గర కొలిచేను. సున్నా. రెండింటి మధ్యా ఉన్నది ఒకే ఒక్క వస్తువు: బల్ల పక్కన మోకాలెత్తులో నేనే బిగించిన ఎర్ర బటను. ఏదైనా ప్రమాదం వస్తే అరచేత్తో కొట్టి మిషనుని ఆపడానికి పెట్టేది. నేను దాన్ని కాలింగుబెల్లు లాంటిదనుకున్నాను, నొక్కితే దిగి వదిలితే లేచేది అని. అది అలాంటిది కాదు. ఒకసారి నొక్కితే దిగి అలాగే ఉండిపోతుంది. మళ్లీ ఎవరైనా తిప్పి వదిలేదాకా కరెంటు వెళ్లదు.

వంగి తిప్పేను. టక్కుమని పైకి లేచింది. బోర్డు పక్కనున్న చిన్న ఫ్యాను తిరిగింది, మోటార్లు మూడూ సన్నగా మూలిగి బిగుసుకున్నాయి. కంప్యూటర్లో నొక్కితే బిట్టు పట్టుకున్న చట్రం బుద్ధిగా ఎడమకి యాభై జరిగి ఆగింది. గట్టిగా ఒక కేక పెట్టాలనిపించింది. పెట్టబోతూ చేతికేసి చూసుకుంటే వేళ్లకి కుంకుమ అంటుకునుంది.

శుక్రవారం మిషను ఆన్ చేసే ముందు అన్నయ్యగారు దానికి పూజ చేసేరు. కొత్త పనిముట్టుకి బొట్టు పెట్టకుండా ఆయన ఎన్నడూ పని మొదలుపెట్టలేదు. మా ఆవిడ కూడా వచ్చి చిన్న ప్రార్థన చేసింది. ఆయన మోటారు మోటారుకీ పసుపు రాసి బొట్టు పెట్టేరు. బొట్టు కుడి చేత్తోనే పెట్టాలి, ఎడం చెయ్యి పనికిరాదు. వేళ్లు మాట వినవు కనక బొటనవేలు ఆనించి పెట్టేరు. ఎర్ర బటనుకీ పెట్టేరు. ఎరుపు మీద ఎరుపు, ఎవరికి కనిపిస్తుంది? అది దిగిన సంగతి ఆయన వేలికీ తెలియలేదు.

నాకు సంతోషం పోయి భయం పట్టుకుంది. శనివారం నేనన్న మాటే నిజమైంది. ఆ చెయ్యి పడ్డ చోటే పాడైంది. ఇది గానీ తెలిస్తే ఈ మనిషి మిషను నడిచినా ఇంక లేవరు. వైరు వదులైందని అబద్ధం చెప్పేద్దామని నోరు తెరిచేను. అప్పటికే ఆయన లేచి వచ్చి నా వేళ్లు చూస్తున్నారు.

"నేనే నొక్కేసేనాండీ?" అన్నారు.

అబద్ధం రాలేదు. "ఆయ్. బొట్టు పెట్టినప్పుడు" అన్నాను.

ఆయన బటనుకేసి చూసేరు. ఎడమ బొటనవేలితో నొక్కేరు. టక్కుమంది, మోటార్ల మూలుగు ఆగిపోయింది. "గట్టిగానే ఉందేంటండీ ఇది" అన్నారు. నేను తిప్పి లేపేను. మళ్లీ ఎడం చేత్తోనే నొక్కి చూసేరు. ఏదో తూకం చూస్తున్నట్టు చూసేరు. తరవాత గుమ్మంలో ఉన్న వదినగారి వైపు తిరిగి, "పూజప్పుడు నా ఎడం చెయ్యి ఎక్కడుందే?" అని అడిగేరు.

"పళ్లెం పట్టుకున్నారు కదా" అన్నారావిడ. "నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు కూడానూ."

అంటే అంత గట్టి బటనుని ఏ సాయమూ లేకుండా నొక్కింది ఆ కుడి చెయ్యే. ఆయన తువ్వాలు కిందనుంచి కుడి చెయ్యి బయటికి తీసేరు. ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. కుడి బొటనవేలు బటను మీద ఆనించేరు. జారిపోయింది. మళ్లీ ఆనించేరు, మళ్లీ జారింది. నుదుట చెమట పట్టింది. చాలు లెండి అనబోయి, నా నోటి సంగతి నాకు తెలుసు కనక మూసుకున్నాను. మూడోసారి వంగి మోచెయ్యి తొడకి ఆనించి, పళ్లు బిగించి నొక్కేరు.

టక్కుమంది.

ఫ్యాను ఆగింది. ఆయన చేతినే చూసుకుంటూ నిలబడ్డారు. వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగేయి, దాచుకోలేదు.

పదకొండింటికి కొత్తపేట వడ్రంగి బండి దిగేడు. అతనింకా గేటు దాటకుండానే, "ఇవ్వడం లేదండి, కాఫీ తాగి వెళ్లండి" అని వదినగారే చెప్పేసేరు. అన్నయ్యగార్ని అడగనైనా అడగలేదు. ఆయన విన్నారో లేదో, బటను నొక్కుతూ ఇటు తిరగలేదు.

బల్ల మీద పనసచెక్క బిగించి సిద్ధంగా ఉంది. పద్మం బొమ్మ కంప్యూటర్లో ఉంది. ఆ రోజు మేం దాని జోలికే పోలేదు. ఆయన బటను నొక్కడం, నేను లేపడం, రోజంతా అదే పని; తిప్పి లేపడం ఆయన వేళ్లకి ఇంకా రాదు. ఒకసారి లేపుతూ, "శనివారం అన్న మాటకి నన్ను మన్నించండి అన్నయ్యగారూ" అన్నాను.

"లేపండి మేస్టారండీ, మాటలెందుకు" అన్నారాయన.

లేపేను. ఆయన నొక్కేరు.