వానకి సర్దిన పెట్టె

అరిజోనా రాష్ట్రంలో వాన పడాలా వద్దా అని తేల్చేది మా అమ్మమ్మ థోరా. ఇది నేను పుట్టించిన మాట కాదు, మా వీధి వీధంతా ఒప్పుకున్న సంగతి. దేవుడు ఏడాదికోసారి మా యూమా ఊరి మీదికి ఒక మబ్బు ముక్కను పంపి, ఇది చాలునా అని ఆవిడను అడుగుతాడు. ఆవిడ వాకిట్లోకి వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, పెదవి విరిచి లోపలికి పోతుంది. మబ్బు సిగ్గుపడి కాలిఫోర్నియా దారి పడుతుంది. ఎప్పుడైనా మొండికేసి నాలుగు చినుకులు రాల్చినా అమ్మమ్మ లెక్కచెయ్యదు. "ఇది వానటే? పైన ఎవరో చేతులు కడుక్కున్నారు" అంటుంది.

ఆవిడ పుట్టింది అలాస్కాలో, కెచికాన్‌లో. అక్కడ వాన పడితే ఎవరూ చెప్పుకోరట, ఆగితే చెప్పుకుంటారట. పందొమ్మిదో ఏట సాల్మన్ చేపల్ని డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా, ఒక వేసవిలో యూమా నుంచి ఎలిసేయో బరగాన్ అనే కుర్రాడు కూలికొచ్చాడు. ఎండలో పుట్టి పెరిగిన ఆ మనిషి కోటు మీద కోటు వేసుకుని వణుకుతుంటే చూసి ఆవిడ నవ్విందట. నవ్వినందుకు పెళ్ళి చేసుకుని ఎడారికి తీసుకొచ్చేశాడు. మా తాతయ్య పగ తీర్చుకునే పద్ధతి అది.

ఆ తరవాత అమ్మమ్మ పుట్టింటి మొహం చూడలేదు. ముందు పిల్లలు అడ్డమొచ్చారు, తరవాత ప్రతి శీతాకాలమూ లెట్యూస్ ఆకుకూర కోతలు అడ్డమొచ్చాయి, చివర్లో తాతయ్య ఊపిరితిత్తులు అడ్డమొచ్చాయి. ఈలోగా అక్కడివాళ్ళంతా పోయారు, ఇల్లు చేతులు మారింది. అయినా ఏ ఊరు మీది అని ఎవరడిగినా కెచికాన్ అనే చెప్పేది. పక్కన తాతయ్య నిలబడి ఉన్నా సరే. "మా ఆవిడ ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చింది, తిరుగు బస్సు ఇంకా దొరకలేదు" అనేవాడు ఆయన. తాతయ్య పోయి రెండు శీతాకాలాలైంది. ఆ మాట అనడానికి మనిషి లేకపోయేసరికి, అమ్మమ్మ కెచికాన్ పేరెత్తడం కూడా తగ్గించేసింది.

అందుకే చర్చి ఆడవాళ్ళంతా కలిసి ఓడలో అలాస్కా వెళ్తున్నారని, ఆ ఓడ కెచికాన్‌లో ఒక పూట ఆగుతుందని తెలియగానే మా అమ్మ ఒఫీలియా ఆవిడ పేరు రాయించేసింది. తోడుగా నన్ను పంపింది. కాలేజీ మధ్యలో మానేసి టైర్ల షాపులో చేరినదాన్ని, నాలుగు రోజులు కనపడకపోతే ఊరేమీ కుంగిపోదని అమ్మ అభిప్రాయం.

సర్దడం ఎండాకాలం నడిమధ్యలో మొదలైంది. బయట తలుపు గొళ్ళెం పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, లోపల మంచం నిండా చలిబట్టలు. మా ఊరివాళ్ళకి చలి అంటే టీవీలో చూసినదే. అందుకని అమ్మ బాతు ఈకలు కుక్కిన లావుపాటి కోటు తెచ్చింది, జీన్స్ ప్యాంట్లు తెచ్చింది, నూలు స్వెటర్లు తెచ్చింది. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే వేళ్ళతో పట్టుకుని కింద పారేసింది. జీన్స్ తడిస్తే వచ్చే ఆదివారానిక్కూడా ఆరవంది. ఈకల కోటు తడిస్తే నీళ్ళలో పడ్డ కోడి అవుతుందంది. ఒంటికి పల్చటి ఉన్ని, దానిమీద మందపాటి ఉన్ని, అన్నిటికీ పైన నీరు పట్టని టోపీ కోటు. అంతేనట, ఇంకేమీ అక్కర్లేదట.

"మరి గొడుగు?" అంది అమ్మ.

గది ఒక్కసారి చల్లబడింది. మా ఇంట్లో ఏసీ కూడా ఎప్పుడూ అంత పని చెయ్యలేదు.

కెచికాన్‌లో గొడుగు వేసుకునేది ఓడ దిగినవాళ్ళే. ఊళ్ళోవాళ్ళు తడుస్తారు, ఆరతారు, మళ్ళీ తడుస్తారు. అమ్మమ్మ చిన్నప్పుడు చెక్కమెట్ల మీద పిల్లల్ని పోగేసుకుని కూర్చుని, గొడుగులవాళ్ళని చూసి నవ్వేదట. దారి అడిగితే కొండ మీదికి పోయి ఆగిపోయే మెట్లు చూపించి పంపేదట. ఆ పిల్లల ముఠాకి నాయకురాలు తనే. ఇప్పుడు అదే ఊళ్ళో తను ఓడలోంచి దిగాలి. ఆ సంగతి ఆవిడకి నిద్ర పట్టనివ్వడం లేదని నాకు అప్పుడే అర్థమైంది.

"నేను దిగితే ఎవరూ తల తిప్పి చూడకూడదే, చేలా" అంది నాతో, అమ్మ వంటింట్లోకి వెళ్ళాక. "చూడకుండా పక్కనుంచి పోవాలి, రోజూ కనపడేదాన్నే అన్నట్టు. నాకదొక్కటీ చాలు."

దానికి తగ్గట్టు చర్చి పెద్దావిడ బెర్నీస్ అందరికీ ఒకే రకం పసుప్పచ్చ ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు కుట్టించింది, వీపు మీద చర్చి పేరుతో సహా. అమ్మమ్మ దాన్ని రెండు వేళ్ళతో అందుకుని, దీన్ని ఓడ మునిగితే వేసుకుంటాను, వెతికేవాళ్ళకి సులువుగా ఉంటుంది అంది.

మర్నాడు షెడ్డులోంచి ఒక ఇనుప ట్రంకు దింపించింది. అందులో ఆవిడ పెళ్ళికి ముందు బట్టలున్నాయి. బూడిదరంగు ఉన్ని చొక్కా, తారు పూసిన కోటు, గోధుమరంగు రబ్బరు బూట్లు. కెచికాన్‌లో చేపలవాళ్ళ నుంచి బడిపంతుళ్ళ దాకా అందరి కాళ్ళకీ ఆ గోధుమరంగు బూట్లేనట, పెళ్ళిలో కూడా. అన్నీ వేసుకుని పెరట్లో నిలబడి, నీళ్ళ పైపు నా చేతికిచ్చి, తన మీద కొట్టమంది. కారుతాయో లేదో చూసుకోకుండా ఏ బట్టనీ పెట్టెలో పెట్టకూడదట.

మిట్టమధ్యాహ్నం. కాకులు కూడా నోరు తెరుచుకుని నీడలో పడి ఉన్న వేళ. డెబ్బై దాటిన ముసలమ్మ ఉన్ని బట్టల్లో, తారు కోటులో, రబ్బరు బూట్లలో నిలబడి ఉంటే మనవరాలు పైపుతో ఆవిడ్ని తడుపుతోంది. పక్కింటి పెద్దాయన డాన్ నాచో గోడ మీదుగా చూసి, టోపీ తీసి గుండెలకి పెట్టుకున్నాడు. ప్రార్థన చేశాడేమో తెలియదు.

ఉన్ని తడిసింది. తడిసిన కుక్క వాసన వచ్చింది నాకు. ఆ మాట అనేలోపే ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. కళ్ళు మూసుకుని, చెంప తడి చొక్కా చేతికి ఆనించి, అలాగే పీలుస్తోంది. ఎంతసేపు కొట్టినా చాలు అనలేదు. చెయ్యి నొప్పెట్టి పైపు దించాను.

"ఆపకే" అంది, కళ్ళు తెరవకుండానే.

మళ్ళీ కొట్టాను. అప్పుడు అడుగు ముందుకు వేసింది, బూటు కింద ఉండిపోయింది. ఇన్నేళ్ళూ మా ఎండలో, ఆ రేకుల షెడ్డులో ఎండిన రబ్బరు కదా, అట్ట ఊడి, పైభాగం అప్పడంలా పెళుసుగా విరిగి ముక్కలైంది. రెండోది చేత్తో తీయబోతే చేతిలోనే పొడి అయింది. బక్కెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుంది.

ఏం ఫర్వాలేదు, బెర్నీస్ దగ్గర పసుప్పచ్చ బూట్లు కూడా ఉంటాయేమో అడుగుదాం అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. నాకు భయం వేసింది.

కొత్తవి తెప్పిస్తానన్నాను. వద్దంది. మెరిసే కొత్త బూట్లేసుకుంటే గొడుగు వేసుకున్నదానికన్నా అన్యాయమట, ఈ ప్రయాణానికే కొన్నారని ఆమడ దూరం నుంచి తెలిసిపోతుందట. మూడు రోజులు పెట్టె తెరిచి పెట్టుకుని కూర్చుంది. వెళ్ళనని అంటుందేమో అని అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

బయల్దేరే ముందురోజు పొద్దున చూస్తే, తాతయ్య బూట్లు తెచ్చి పెట్టెలో పెడుతోంది. చేలకి నీళ్ళు కట్టేటప్పుడు వేసుకునేవి, మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి రబ్బరువి. చీలమండల దగ్గర మా నేల ఉప్పు ఎండి తెల్లటి గీత పడింది. రుద్దినా పోదు, ఆవిడ రుద్దనివ్వదు కూడా. మేజోళ్ళు చుట్టి ఆ బూట్లలో కూరింది, ఉన్ని చొక్కాల్ని గట్టిగా చుట్టి పక్కన నిలబెట్టింది. పెట్టె మూత పడలేదు. బెర్నీస్ కోటు తీసేసింది, పడింది.

"అమ్మా, అవి నీ కాలికి పడవల్లా ఉన్నాయి" అంది మా అమ్మ.

మూడు జతల మేజోళ్ళు వేస్తానులే అంది అమ్మమ్మ. అమ్మ మాత్రం ఆవిడ చూడకుండా నా సంచిలో ఒక గొడుగు దోపింది.

సియాటిల్‌లో ఓడ ఎక్కాం. మా చర్చివాళ్ళు పసుప్పచ్చ కోట్లలో డెక్కు మీద కోడిపిల్లల్లా తిరుగుతుంటే, అమ్మమ్మ ఉన్ని మీద ఉన్ని వేసుకుని గదిలో కూర్చుని వణికింది. ఆవిడ ఒంట్లోకి ఎడారి ఎప్పుడు దూరిందో ఆవిడకే తెలియదు. చలేస్తోందా అంటే ఒప్పుకోలేదు. ఓడ ఊగుతోందట, దానికి తను ఊగుతోందట.

కెచికాన్‌లో దిగేసరికి వాన సన్నగా, తెంపు లేకుండా పడుతోంది. నేను గొడుగు విప్పాను. అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసి, నేనెవరో తెలియనట్టు ముందుకు నడిచింది. పెద్ద బూట్లలో అడుగడుగునా బొళక్ బొళక్‌మని చప్పుడు. అయినా చేపలవాళ్ళు పక్కనుంచి పోయారు, ఎవరూ తల తిప్పలేదు. వేరే ఓడలోంచి దిగిన భార్యాభర్తలు ఆవిడ్నే ఆపి రెస్టారెంట్లు ఎటు అని అడిగారు కూడా. ఆవిడ వెన్ను నిటారుగా పెట్టి, చేపల ఫ్యాక్టరీ దాటి ఎడమ పక్కకి తిరగమంది. కాసేపటికి వాళ్ళు తిరిగొచ్చి అక్కడ ఫ్యాక్టరీ లేదన్నారు. వెళ్ళి చూశాం. వాచీలమ్మే కొట్టు ఉంది.

వాళ్ళ ఇంటికి పోయే చెక్కమెట్లు మాత్రం ఉన్నాయి. పైన ఆ ఇల్లు లేదు, ఎవరిదో నీలం ఇల్లు ఉంది. అమ్మమ్మ మొదటి మెట్టు దగ్గర నిలబడిపోయింది. ఎక్కలేదు.

ఎదురుగా కొట్టు చూరు కింద ఆవిడ ఈడుదే ఒకావిడ, గోధుమరంగు బూట్లు వేసుకుని, కాగితంలో చుట్టిన వేపుడు చేప తింటోంది. అమ్మమ్మని కాదు, కాళ్ళని చూసింది.

"ఆ బూట్లు మా వైపువి కావమ్మా" అంది. "ఆ తెల్లగీత చూశారా? మా ఊళ్ళో ఏదీ అంత ఎండేదాకా ఉండదు. ఏ ఊరు మీది?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ భూమి మీద లేదు.

అమ్మమ్మ మెట్లకేసి చూసింది. బూట్లకేసి చూసింది.

"యూమా" అంది. "ఇవి మా ఆయనవి. లెట్యూస్ చేలకి నీళ్ళు కట్టేవాడు."

ఎడారిలో నీళ్ళెక్కడివి అని అడిగింది గోధుమరంగు బూట్లావిడ. అంతే, అమ్మమ్మ చూరు కిందికి వెళ్ళి నిలబడి మొదలుపెట్టింది. తెల్లారకముందే కాలువ తూము ఎత్తడం, పార భుజాన వేసుకుని ఆయన నీటికి ముందు నడవడం, వెనక్కి తిరిగి చూడకుండానే నీరు ఏ చాలులో ఎంతవరకు వచ్చిందో చప్పుడు బట్టి చెప్పడం, ఎండిన మన్ను మొదటిసారి తడిసినప్పుడు లేచే వాసన, చివరి గట్టు మీద తను టోర్టియా రొట్టెల మూట పట్టుకుని నిలబడి ఉంటే నీరు, మనిషి ఒక్కసారే వచ్చి చేరడం. అవతలావిడ చేప తినడం మరిచిపోయి వింది. నేనూ వెనకాల గొడుగు కింద నిలబడి విన్నాను. వాన గురించి చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది ఆ గొంతే. మా ఇంటి వెనకాల చేల గురించి ఆ గొంతుతో మాట్లాడటం ఎన్నడూ వినలేదు.

ఓడ కూత వేసేదాకా అక్కడే ఉన్నాం.

సాయంత్రం గదిలో ఆవిడ బూట్లు బోర్లిస్తే చెంబెడు నీళ్ళు పడ్డాయి. మూడు జతల మేజోళ్ళూ పిండి ఆరేశాను. ఇదంతా రాసేస్తాను అమ్మమ్మా, పెరట్లో నీళ్ళ పైపు నుంచి వాచీల కొట్టు దాకా ఏదీ వదలను అన్నాను. దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"నీ ఇష్టమొచ్చింది రాసుకో. ఆయన బూట్లు కారాయని మాత్రం రాస్తే ఊరుకోను. కారలేదు. నీళ్ళు పైనుంచి లోపలికి దిగాయి."