ఈసీ తీయకుండా రాసిన అగ్రిమెంటు

1984లో నేను కళ్యాణదుర్గం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్‌గా ఉన్నాను. అమ్మకాలు, తనఖాలు, భాగ పరిష్కారాలు కాగితం మీద పెట్టడం మా పని. వానలు లేని ఏళ్లలో మాకు పని ఎక్కువ. శెనక్కాయ పంట పోయినవాళ్లు ఏదో ఒకటి అమ్ముకోవడానికి వచ్చేవాళ్లు. మంచి ఏళ్లలో కొనేవాళ్ల ముఖాలు చూసేవాళ్లం, చెడ్డ ఏళ్లలో అమ్మేవాళ్ల ముఖాలు.

ఆ ఎండాకాలం పీరాసాబ్ వచ్చాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. మా ఇంటికి కూడా ఏడాదికోసారి వచ్చేవాడు. స్టీలు సామాను వచ్చాక ఆయనకు పని తగ్గిపోయింది. వెంట భార్య ఖాసింబీ ఉంది. ఆఫీసు మెట్లు మూడే, అవి ఎక్కలేక మొదటి మెట్టు మీదే కూర్చుని ఆయాసపడుతోంది. గుండె కవాటం చెడిపోయిందట. బెంగళూరు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు నెల గడువుతో తేదీ ఇచ్చారు.

"మిద్దె అమ్ముతాండాను అన్నా. మా వీధిలో బాడుగకుండే బడి అయ్యవారు నారాయణప్పే కొంటాడు. అగ్రిమెంటు రాయి" అన్నాడు పీరాసాబ్.

"ఓబులప్పతో మాట్లాడినావా?" అని అడిగాను. ఓబులప్ప ఊళ్లో ఇళ్ల బ్రోకరు. అమ్మేవాడి దగ్గర నూటికి రెండు, కొనేవాడి దగ్గర నూటికి రెండు తీసుకునేవాడు.

"ఆయప్ప ఎందుకన్నా? అమ్మేది నేను, కొనేది అయ్యవారు. ఇద్దరం ఒకే బోరింగు కాడ నీళ్లు పట్టుకుంటాం. ఆయప్పకిచ్చే దుడ్లుంటే బెంగుళూర్లో పది దినాలు అన్నం తింటాం."

ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు నాకు. ఇల్లు అమ్మేటప్పుడు ముందుగా తీయవలసింది ఈసీ. ఆ ఆస్తి మీద తనఖా, అమ్మకం లాంటివి ఏవైనా రిజిస్టరై ఉన్నాయా అని పాత పుస్తకాలు వెతికి ఆఫీసువాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ అది. వారం పడుతుంది. "ఇంటి మీద అప్పులేమన్నా ఉండాయా?" అని మాత్రం అడిగాను.

"మా నాయన కట్టిన మిద్దె. ఒక్క పైసా అప్పు లేదు."

ఖాసింబీ మెట్టు మీద నుంచే అడిగింది. "నేను కూడా ఏలిముద్ర ఎయ్యల్లనా అన్నా?"

"వద్దు తల్లీ, ఇల్లు ఆయన పేరు మీదే ఉంది."

"నా గుండెకాయ కోసరం ఇల్లు పోతాండాది. నా ముద్ర లేకుంటే ఎట్లా?" అని నవ్వబోయి దగ్గింది.

ఆమెను ఎక్కువసేపు ఎండలో కూర్చోబెట్టకూడదని గబగబా రాసేశాను. అయ్యవారు అడ్వాన్సు ఇచ్చాడు. మిగతాది తనకు ఇంటి లోను వచ్చాక, పదిహేను రోజుల్లో ఇస్తానన్నాడు.

పన్నెండో రోజు అయ్యవారు ఈసీ కాగితం పట్టుకుని వచ్చాడు. లోను ఇచ్చే ఆఫీసువాళ్లు అడిగితే తీయించాడట. అందులో పీరాసాబ్ తండ్రి ఇరవై ఏళ్లకు ముందు ఒక వ్యాపారికి ఇల్లు తనఖా పెట్టినట్టు ఉంది. అప్పు ఎప్పుడో తీరిపోయింది. కానీ తీరినట్టు రిజిస్టరు చేసిన చెల్లు రశీదు లేదు. పుస్తకంలో మాత్రం ఆ అప్పు అట్లాగే నిలబడి ఉంది. "నా చేతిలో ఏం లేదు స్వామీ, లోను ఆపేసినారు" అన్నాడు అయ్యవారు తల వంచుకుని.

వ్యాపారి చనిపోయాడు. కొడుకులు ముగ్గురు. ఇద్దరు హిందూపురంలో, ఒకడు బళ్లారిలో. ముగ్గురూ వచ్చి సంతకం పెట్టాలి. పీరాసాబ్ భార్యను పక్కింటివాళ్లకు అప్పజెప్పి బస్సులు ఎక్కి దిగాడు. హిందూపురంవాళ్లు ఒప్పుకున్నారు. బళ్లారి కొడుకు ఇంట్లో ఉన్నా లేడనిపించాడు. చివరికి సంగతి తెలిసి ఓబులప్పే తన ఖర్చుతో బళ్లారి వెళ్లి అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మొదటి దినమే నా కాడికి వచ్చింటే పుస్తకం వెతికిచ్చి, ఈ ముగ్గురినీ పట్టుకొచ్చినాకే బేరం పెట్టేవాణ్ని. ఇండ్లు చూపించేదానికే నాకు కమీషన్ అనుకుంటారప్పా జనం" అన్నాడు నాతో. నిష్ఠూరంగా కాదు, బాధగానే అన్నాడు.

అప్పటికి ఆపరేషన్ తేదీ దాటిపోయింది. ఆసుపత్రివాళ్లు రెండు నెలల తర్వాత ఇంకో తేదీ ఇచ్చారు. ఖాసింబీ అంతవరకు నిలవలేదు. చెల్లు రశీదు రిజిస్టరైన తొమ్మిదో రోజు చనిపోయింది.

నలభై రోజులు గడిచాక పీరాసాబ్, అయ్యవారు కలిసే ఆఫీసుకు వచ్చారు. అయ్యవారు నా ముందే చెప్పాడు. "పీరన్నా, ఇప్పుడు నీకు అమ్మే పని లేదు. మనసు లేకుంటే వద్దులే. అడ్వాన్సు నిదానంగా ఇయ్యి."

పీరాసాబ్ తల అడ్డంగా ఊపాడు. "మాట ఇచ్చినాను. అయినా ఆ ఇంట్లో పొయ్యి ముట్టించేది ఎవరు? రాయి అన్నా."

రాశాను. అమ్మకం కాగితం అంతా చదివి వినిపించాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. వేలికి సిరా పూసుకుని ముద్ర వేశాక, ఆ వేలిని తుడుచుకోకుండా నా వైపు చూశాడు.

"అన్నా, ఆ ఈసీ అనేది ఒకటి ఉంటాదని నాకు తెల్దు. నీకు తెలుసు గదా. ఆ పొద్దే ఒక మాట అనింటే..."

కోపంగా అన్నా బాగుండేది. ఆమె ఎండలో కూర్చుందని తొందరపడ్డానని చెప్పబోయి ఊరుకున్నాను. అది నిజమే, కానీ చెప్పుకోవలసిన నిజం కాదు.

ఆ తర్వాత ఆయన సోమందేపల్లెలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడని విన్నాను. మళ్లీ చూడలేదు.

లైసెన్సు వదులుకునే వరకు, ఈసీ నా కళ్లతో చూడకుండా ఇంటి అగ్రిమెంటు రాయలేదు. బ్రోకరు వద్దనుకుని వచ్చినవాళ్లను తప్పుపట్టలేదు. పైసా మిగుల్చుకోవాలనుకునేవాళ్లకు ఆ అవసరం ఉంటుంది. అయితే బ్రోకరు చేసే పని ఆయన లేనంత మాత్రాన లేకుండా పోదు, ఎవరో ఒకరు చేయాలి. "నీకెందుకప్పా ఇన్ని అనుమానాలు?" అని విసుక్కుని పక్క రైటరు దగ్గరికి పోయినవాళ్లు చాలామంది. పోనిచ్చాను. తెలియనివాడు అడగలేడు, తెలిసినవాడే చెప్పాలి. నేను ఈ చిన్న సంగతి నేర్చుకోవడానికి పీరాసాబ్‌కు ఇల్లూ పోయింది, ఇల్లాలూ పోయింది.