రెండు దారులు, ఒకే గట్టు

మండవల్లి చెరువుల్లో చేపలు చచ్చినందుకు వెంకటదుర్గను ఉద్యోగంలోంచి తీసేశారు. నోటీసు ఇవ్వలేదు. సంజాయిషీ అడగలేదు. తప్పు ఆమెది కాదు.

ఏలూరులోని ఒక ఇంటర్నెట్ సంస్థలో రౌటర్లను చూసుకోవడం ఆమె పని. మండవల్లికి నెట్ రెండు దారుల్లో వెళ్లాలి: ఒకటి కైకలూరు మీదుగా తిన్నగా, రెండోది తాడేపల్లిగూడెం, భీమవరం చుట్టి. దారుల సంగతి రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతిని ఓఎస్‌పీఎఫ్ అంటారు. అందులో ప్రతి దారికీ ఒక ఖర్చు అంకె ఉంటుంది. రౌటరు తక్కువ ఖర్చున్న దారినే పట్టుకుంటుంది. అందువల్ల చుట్టుదారి ఎప్పుడూ ఖాళీగా పడి ఉండేది. దుర్గ అంకెలు సవరించి రెండు దారుల మొత్తాలనూ సమానం చేసింది. అప్పటినుంచి నెట్ బరువు రెండింటి మీదా సమంగా పడింది. ఒకటి తెగితే రెండోది మోస్తుంది. చెరువులో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్ మోగించే యంత్రాలను సంస్థ ఆ ధీమా చూపించే అమ్మింది.

ఒకసారి పని మీద మండవల్లి వెళ్లిన దుర్గ, ఊరు చేరే చోట రెండు కేబుళ్లూ ఒకే చెరువు గట్టులో కలిపి పాతి ఉండటం చూసింది. వేసవిలో చెరువు ఎండగట్టి, పొక్లెయిన్‌తో గట్టు తవ్వి ఎత్తు చేయడం కొల్లేటి పల్లెల్లో ఏటా జరిగేదే. ఆమె ఆ పల్లెల్లో పుట్టిన పిల్లే.

“గట్టు పని మొదలైతే రెండూ ఒక్క దెబ్బకే పోతాయండీ. రెండోదాన్ని ఆకివీడు రోడ్డు పక్కనుంచి తేవాలండీ,” అని మేనేజరు ఫణికిరణ్‌తో చెప్పింది.

“ఒకటి నల్లది, ఒకటి నీలంది. రెండు కాదంటావా?” అని అతను నవ్వాడు. “రౌటర్‌కి రెండూ కనిపిస్తున్నాయిగా! మధ్యలో నీకేంటమ్మా బాధ?”

రౌటర్‌కు పొరుగు రౌటర్లే తెలుస్తాయి. గట్టు తెలియదు.

మే నెలలో పొక్లెయిన్ ఆ రెండు కేబుళ్లనూ మట్టితో పాటే పెళ్లగించింది. ఆ రాత్రి చెరువుల్లో ఆక్సిజన్ తగ్గినా ఏ ఫోనూ మోగలేదు. తెల్లారేసరికి పక్క చెరువుల్లో చేపలు తేలాయి.

ఫణికిరణ్ రైతులను కూర్చోబెట్టి, దుర్గను పక్కన నిలబెట్టి, “కాన్ఫిగరేషన్‌లో మా అమ్మాయి పొరపాటు చేసిందండీ,” అన్నాడు. ముందు వరసలో దుర్గ బాబాయి నాగదుర్గారావు ఉన్నాడు. చచ్చిన చేపల్లో ఆయనవీ ఉన్నాయి.

“ఏమే దుర్గా, నిజమేనా? మన చెరువులు మనమ్మాయి చూసుకుంటోందని ఊరంతా చెప్పుకున్నానే!”

గట్టు సంగతి నోటిదాకా వచ్చి ఆగింది. ఒళ్లు మొద్దుబారి, ఇంకెవరి గురించో మాట్లాడుతున్నట్టు వింటూ నిలబడింది. ఆ మౌనాన్నే ఒప్పుకోలు కింద కట్టి, సాయంత్రానికి పంపేశారు.

ఇప్పుడామె ఇంట్లో ఉంటుంది. పెడితే తింటుంది. ఎదురైన బాబాయి మొహం తిప్పుకుంటే, అదీ ఆమెకు తగలదు.

సంస్థ యజమానులారా, మౌనం అంగీకారం కాదు. రెండు దారులని చెప్పి అమ్మింది మీరు. రెండింటినీ ఒకే గట్టులో పూడ్చింది మీరు. ఏ రైతుల ముందు ఆమెపై నింద వేశారో వాళ్ల ముందే, నాగదుర్గారావు వింటుండగా, దాన్ని వెనక్కి తీసుకోండి. ఆయన్ను ఆ గట్టు దగ్గరికి తీసుకెళ్లి, కేబుళ్లు తెగిన చోటు మీ వేలితో చూపించండి.